ఓజోన్: పైన రక్ష, క్రింద శిక్ష

వేసవి మధ్యాహ్నం చార్మినారు నీడన గాజులమ్ముకొనే వ్యాపారి పీల్చే గాలిలో కొంత ఓజోన్ ఉంటుంది. అతని నెత్తిన ఎంతో ఎత్తున మరికొంత ఉంటుంది. పైనున్నది ప్రాణరక్షకం, క్రిందనున్నది శ్వాసకోశాలకు హానికరం. రసాయన స్వరూపం మాత్రం ఒక్కటే: మూడు ఆక్సిజన్ పరమాణువుల కలయిక.

1839లో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త నీటిని విద్యుత్తుతో విడగొడుతుండగా ఒక ఘాటైన వాసనను గుర్తించి, గ్రీకు భాషలో వాసనను తెలిపే ధాతువు నుండి దీనికి పేరు పెట్టాడు. పాత జిరాక్సు యంత్రాల దగ్గర వచ్చే వాసన అదే.

అంతరిక్షం నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువును రెండుగా చీలుస్తాయి. విడివడిన పరమాణువు మరొక ఆక్సిజన్ అణువును చేరి ఓజోన్ అవుతుంది. అది మరల కిరణాలను గ్రహించి విచ్ఛిన్నమవుతుంది, మరల కూడుకుంటుంది. ఈ చక్రాన్ని 1930లో చాప్‌మన్ వివరించాడు. ఆకాశంలోని ఓజోన్‌నంతా నేలమట్టపు పీడనానికి కుదిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. లాడ్ బజారులోని ఒక గాజు మందమంత!

ఇంత పలుచని పొరకు శీతలీకరణ యంత్రాలలోని క్లోరోఫ్లోరోకార్బన్లు శత్రువులని 1974లో మొలినా, రోలాండ్ హెచ్చరించారు. వాటి నుండి వెలువడిన క్లోరిన్ ఓజోన్‌ను విరిచి, తాను మాత్రం తరగక, మరొక అణువు మీదికి పోతుంది. 1985లో అంటార్కిటికాపై పొర పలుచబడిన వైనం వెల్లడయింది.

ఈ కథలో హైదరాబాదుకూ పాత్ర ఉంది. నగరంలోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుండి 1987లో భారత, జర్మన్ శాస్త్రజ్ఞులు బెలూన్‌ను ఎగురవేసి, అతిశీతల పాత్రలలో పైగాలిని పట్టి తెచ్చి, అందులోని క్లోరోఫ్లోరోకార్బన్లను కొలిచారు. అదే ఏడాది సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది; ఉబ్బస మందుల వంటి మినహాయింపులు తప్ప 2010 నాటికి ఆ వాయువుల ఉత్పత్తికి స్వస్తి చెప్పింది.

నేలమీది ఓజోన్ వాహనాల గొట్టాల నుండి నేరుగా రాదు. పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎండ విడగొట్టగా పుడుతుంది. విచిత్రమేమంటే, అదే పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను మింగివేస్తుంది. అందుచేత వాహనాలు క్రిక్కిరిసిన పత్తర్‌గట్టిలో కన్నా, ఆ పొగ గాలివాటున సాగిపోయిన శివారులలో ఓజోన్ అధికం కావచ్చు. అక్కడ పైరుల ఆకులు సైతం దానికి మాడుతాయి.