పరదేశమున వైద్యవిద్య



ఉదయవేళ మన ఆటోనగరు వీధులలో నడచువారికి ఒక దృశ్యము నిత్యము కనబడును. లారీ ఇంజను మ్రోగుచుండును. పెద్ద మేస్త్రీ చెవి యొగ్గి వినుచుండును. స్పానరు చేతబట్టిన కుఱ్ఱవాడు ఆయన ముఖము వంక చూచుచుండును. ఇంజను పటమును పుస్తకములో ఎన్నిమారులు చూచినను ఆ శబ్దములోని దోషము తెలియదు. మేస్త్రీ ప్రక్కన కొన్ని సంవత్సరములు నిలిచినవానికే అది తెలియును.

వైద్యవిద్యయు ఇట్టిదే. పుస్తకమునుండి నేర్చునది సగము. రోగి పడకయొద్ద, అనుభవజ్ఞుడైన వైద్యుని కనుసన్నల నేర్చునది తక్కిన సగము. దీనికి క్లినికల్ శిక్షణ యని పేరు. ఆసుపత్రి గడప దాటి వాడలకును పల్లెలకును పోయి, త్రాగునీరు, దోమలు, ఆహారము, టీకాలు మొదలగువానిని విచారించి, రోగము రాకముందే జనులను కలిసికొనుట సమాజారోగ్యసేవ. ఈ రెండింటిని పరదేశమున నేర్వగోరువారిని గూర్చి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇందుకు ఒక కారణము గలదు. గత సంవత్సరము ఒక సాయంకాలము, మన పాఠశాలలో చదివి ఇంటర్మీడియెటు ముగించిన ఒక బాలిక తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన ఇచ్చటనే లారీలు బాగుచేయు షెడ్డు నడుపుచున్నాడు. చేతులకు గ్రీజు ఇంకను అంటియుండెను. “మాస్టారూ, అమ్మాయికి ఇక్కడ డాక్టరు సీటు రాలేదు. పరదేశములో చదువవచ్చునని ఏజెంటు చెప్పుచున్నాడు. షెడ్డు అమ్మివేయమందురా?” అని యడిగెను. నేను వెంటనే ఉత్తరము చెప్పలేక, ఒక వారము గడువు కోరితిని. ఆ వారములో నేను విచారించి తెలిసికొన్న సంగతులే యివి.

వైద్యము కొరకు సముద్రము దాటుట మనకు క్రొత్త గాదు. ముందుగా మనయొద్దకు వచ్చిన యొకరిని తలచుకొందము. అన్నా సారా కుగ్లరు 1879లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొంది, 1883లో గుంటూరు చేరెను. ఆమెను పంపిన సంఘమువారు మొదట బోధనకే నియమించిరి. వైద్యసేవ ఆరంభించుటకు వారు అప్పటికి సిద్ధముగా లేకుండిరి. ఐనను పురుషవైద్యునకు తమ బాధ చెప్పుకొనజాలని స్త్రీలు ఎందరో యుండుట చూచి ఆమె ఊరకుండలేదు. తెలుగు నేర్చి, ఇండ్లకు పోయి, మందులిచ్చి, తుదకు 1898లో గుంటూరున ఆసుపత్రి తెరచెను. 1930లో మరణించు పర్యంతము ఆమె సేవ మన జనుల నడుమనే సాగెను.

ఇక మననుండి వెళ్లినవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారిని చెప్పవలెను. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. విశాఖపట్టణపు వైద్యకళాశాల 1923లో గాని స్థాపింపబడలేదు. కావున ఆయన మదరాసులో చదివెను. ఆయన సోదరులిరువురు సంగ్రహణి జాతి వ్యాధితో స్వల్పకాల వ్యవధిలో మరణించిరి. ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము చదువుచు, జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపు పని చేసెను. తరువాత లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారుచేయబడెను. అది ఆయన సోదరులను గొనిపోయిన వ్యాధికే ఔషధము. 1947లో బోదకాలు వ్యాధిక్రిములపై పనిచేయు హెట్రజాను వెలువడెను. ఆయన 1948లో అమెరికాలోనే మరణించెను; స్వదేశమునకు తిరిగి రాలేదు. కాని 2004 మొదలు మన దేశమున బోదకాలు నివారణకై ఇంటింట పంచిన మాత్రలలో ఆ మందే యున్నది. మన కోస్తా జిల్లాలు ఆ వ్యాధిచే ఎంత బాధపడినవో మీ తాతగారి నడిగిన చెప్పుదురు.

ఇవి మహనీయుల చరిత్రలు. సామాన్య విద్యార్థి మాట యేమి? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినులో యుద్ధము విజృంభింపగా వేలకొలది భారతవిద్యార్థులు చదువు నడుమ విడిచి తిరిగి వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. తెరపై వినిన పాఠములు పడకయొద్ద శిక్షణకు బదులు కాజాలవని, అట్లు చదువు ముగించినవారిలో పలువురిని ఇచ్చట అధికకాలము ఇంటర్న్‌షిప్పు చేయవలసినదిగా జాతీయ వైద్య కమిషను నియమించెను.

ఆ కమిషను 2021లో ప్రకటించిన నిబంధనలు తల్లిదండ్రులందరు ఎఱుగదగినవి. కావున ధనము చెల్లించుటకు ముందు ఈ ప్రశ్నలు వేయుడు.

1. విద్యార్థి నీట్ పరీక్షయందు అర్హత పొందెనా?

2. చదువు 54 నెలలకు తక్కువగాక, ఆంగ్లమాధ్యమమున సాగునా? దానికి పైన అదే విద్యాలయమున 12 నెలల ఇంటర్న్‌షిప్పు కలదా?

3. ఆ పట్టముతో ఆ దేశముననే, అచటి పౌరులతో సమానముగా, వైద్యము చేయుటకు అనుమతి లభించునా?

4. తిరిగివచ్చిన పిదప అర్హతపరీక్షయు, మరి 12 నెలల ఇంటర్న్‌షిప్పును మిగిలియుండునని కుటుంబమునకు తెలియునా? ఇటీవలి కాలమున ఎక్కువ పర్యాయములు ఆ పరీక్షలో నలుగురిలో ఒకరికి మించి ఉత్తీర్ణులు కాలేదు.

5. విద్యార్థి రోగిని నిజముగా తాకి పరీక్షించునా, లేక దూరమున నిలిచి చూచునా? రోగులు మాటలాడు భాష యేది?

ఈ కడపటి ప్రశ్నను చాలమంది మరచెదరు. పాఠము ఆంగ్లమున జరుగవచ్చును. రోగి మాత్రము తన తల్లి నేర్పిన మాటనే పలుకును. ఒక శీతలదేశమున వైద్యము చదువుచున్న మన పూర్వవిద్యార్థిని ఆ వారముననే నాకు జాబు వ్రాసెను. మొదటి రెండు సంవత్సరములు ఆమెకు ఆ దేశపు భాష పట్టువడలేదు. ఆసుపత్రిలో గోడవలె నిలుచుండెనట. పిమ్మట వసతిగృహపు వంటమనిషియొద్ద దినమునకు పది మాటల చొప్పున నేర్చెను. ఒకనాడు తోటివారితో ఒక పల్లెకు పోయి వృద్ధులకు రక్తపుపోటు కొలుచుచుండగా, ఒక ముసలమ్మకు మందు వాడుచున్నను పోటు తగ్గకుండెను. ఆంగ్లమున నడుగగా దుబాసీ ద్వారా “వేసికొనుచున్నాను” అని మాత్రము చెప్పెను. మన బాలిక ప్రక్కన కూర్చుండి, వచ్చీరాని ఆమె భాషలోనే “రోజుకెన్ని, అవ్వా?” అని యడిగెను. ముసలమ్మ నవ్వి, ఖరీదు భరింపలేక ఒక్కొక్క మాత్రను రెండు ముక్కలు చేసి రెండు దినములు వాడుచున్నానని చెప్పెను. ఆ మాట యే యంత్రమునను కనబడదు.

ఈ జాబును, పై ప్రశ్నలను ఆ తండ్రికి చదివి వినిపించితిని. ఆయన వానిని కాగితముపై వ్రాయించుకొని ఏజెంటు నడిగెను. రెండవ, మూడవ ప్రశ్నలకు వ్రాతమూలమైన ఉత్తరము రాలేదు. షెడ్డు అమ్మలేదు. బాలిక కొన్ని దినములు దుఃఖించెను. నాతో మాటలాడుటయు మానెను. ఇప్పుడు ఈ నగరముననే నర్సింగు చదువుచున్నది. క్రిందటి నెలలో వచ్చి, తాను మురికివాడలకు పోయి గర్భిణీస్త్రీల వివరములు వ్రాయుచున్నాననియు, ఒడియా మాటలు కొన్ని నేర్చుకొనుచున్నాననియు చెప్పెను. డాక్టరు కావలెనను కోరిక పోయినదా యని నేను అడుగలేదు.

విద్యార్థులారా! మీలో కొందరు దూరదేశములకు పోవుదురు. కొందరు ఇచ్చటనే యుందురు. ఎవరైనను శిక్షణ నేడే ఆరంభింపవచ్చును. ఈ సెలవులలో మీ ఇంటి పెద్దల మందుల చీటి తీసి చూడుడు. వైద్యుడు వ్రాసినన్ని మాత్రలు వేసికొనుచున్నారా, లేనిచో ఎందుచేత అని మెల్లగా అడుగుడు. వారు చెప్పునంతవరకు నడుమ మాటలాడకుడు. విన్నది వ్రాసి, పాఠశాల తెరచిన దినమున నాకు చూపుడు.