రేకులు కదిలేది ఎప్పుడు?

చి. శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ కెనాన్‌లో డయల్ తిప్పి ఎఫ్/11 పెట్టినా లెన్సులో రంధ్రాన్ని చిన్నది చేసే రేకులు కదలడం లేదని, పాడైందేమోనని కంగారుపడుతూ రాశావు. ఏమీ పాడవలేదురా. డయల్ తిప్పితే కెమెరా ఆ అంకెను గుర్తుపెట్టుకుంటుంది, అంతే. వ్యూఫైండర్‌లో నీకు వెలుతురు దండిగా ఉండాలని, ఫోకస్ బాగా కుదరాలని రేకులను పూర్తిగా తెరిచే ఉంచుతుంది. షట్టర్ నొక్కాకే అవి ముడుచుకుంటాయి. ఫొటో పడగానే మళ్లీ తెరుచుకుంటాయి.

నేను పని నేర్చుకున్న నాటి కెమెరాల్లో ఇదంతా ఒక చిన్న మీట చేసేది. 1987లో కెనాన్ ఈఓఎస్ 650తో పాటు ఈఎఫ్ మౌంట్ (లెన్సును బిగించే చోటు) తెచ్చి, ఆ మీటకు స్వస్తి చెప్పి రేకులను కరెంటుతో కదిలించింది. 1959 నాటి మౌంట్‌ను వదలని నికాన్ మాత్రం మీటతోనే చాలాకాలం నడిచింది. పాత లెన్సులు కొన్నవాళ్లను నట్టేట ముంచకూడదన్న ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. కానీ పనితనంలో కరెంటు పద్ధతిదే పైచేయి.

ఎందుకంటావా? లెన్సు వెనక బంగారు రంగు పిన్నులు చూశావుగా. ఎంత మూయాలో కెమెరా వాటి ద్వారానే చెబుతుంది. లెన్సులోని చిప్ ఆ మాట అందుకుని స్టెప్పర్ మోటారును నడిపిస్తుంది. ఈ మోటారు గిర్రున తిరిగేది కాదు, ఒక్కో విద్యుత్ పల్సుకు ఒక్కో అడుగు, అదీ కొలిచినట్టు కదులుతుంది. దానితోపాటు ఒక రింగు తిరిగి, రేకులన్నిటినీ ఒకేసారి లోపలికి జరుపుతుంది. నీ 50 ఎంఎం లెన్సులో ఎఫ్/2 దగ్గర 25 మిల్లీమీటర్లున్న రంధ్రం ఎఫ్/11కి వచ్చేసరికి నాలుగున్నర మిల్లీమీటర్లే. అంత చిన్న రంధ్రంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎక్స్‌పోజర్ మారిపోతుంది. అందుకే ఆ కొలత అడుగులు.

కళ్లారా చూడాలంటే, ఎఫ్/11 పెట్టి, మౌంట్ పక్కనున్న డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి ఉంచి ముందు నుంచి లెన్సులోకి చూడు. రేకులు ముడుచుకుంటాయి. బటన్ వదలకుండా లెన్సు ఊడదీస్తే అలాగే ఉండిపోతాయి. కరెంటు అందక, తెరుచుకోమని చెప్పేవాళ్లు లేక. లెన్సును తిరగేసి బిగించి పురుగులను, పూలను ఫొటో తీసేవాళ్లు ఈ కిటుకునే వాడుకుంటారు.

ఎప్పుడైనా తెర మీద ‘ఎర్ర్ 01’ అని పడితే మెకానిక్ దగ్గరికి పరుగెత్తకు. కెమెరాకూ లెన్సుకూ మాట కలవడం లేదని దాని అర్థం. ముందు ఆ పిన్నులను శుభ్రమైన పొడి గుడ్డతో మెల్లగా తుడువు. గరుకు కాగితం జోలికి పోకు. లెన్సు తీసిన ప్రతిసారీ వెనక మూత పెట్టు, పిన్నులకు వేలు తగలనివ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న