రామప్ప గుడి: తేలే ఇటుక మహిమా, మేస్త్రీ పనితనమా?

ఓం నమః శివాయ.

పోయిన నెల వీడియోలో మనం రామప్ప గుడి గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో నేను ఒక మాట అన్నాను: "నీళ్ళలో తేలే ఇటుకలు ఇప్పటి సైన్స్‌కి కూడా అంతుచిక్కని మహిమ" అని. ఆ మాట తప్పు. తప్పని చెప్పింది ఏ ప్రొఫెసరో కాదు, మా నాన్న.

మా నాన్న మేస్త్రీ. మాది పాలమూరు వైపు పల్లె. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఆయన మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో కొత్తగా లేస్తున్న ఆఫీసు బిల్డింగుల్లో పనిచేశాడు. ఇప్పుడు అదే రోడ్డులో నేను ఏసీలో కూర్చుని కోడ్ రాస్తున్నాను. వీడియో చూసి ఫోన్ చేశాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. గని ఆ ఇటుక గుట్టు ఎవ్వనికి తెల్వదంటివి. దాన్ని కాల్చినోనికి తెల్వదా?"

ఇంజనీరింగ్ చదివిన నా దగ్గర జవాబు లేదు. ఆ శనివారమే ఆయన్ని తీసుకుని బయల్దేరాను.

ముందు వివరాలు

రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఇక్కడి శాసనం 1213 నాటిది. పని సుమారు నలభై ఏళ్ళు సాగిందని అంచనా. లోపల కొలువైన స్వామి రుద్రేశ్వరుడు. 2021 జూలై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

1. పైన బరువు తగ్గించారు

గోడలు ఇసుకరాయి, స్తంభాలూ దూలాలూ గ్రానైట్, నల్లరాయి. వీటన్నిటి మీదా విమానం లేవాలి. దాన్ని కూడా రాతితోనే కడితే ఆ బరువంతా గర్భగుడి గోడల మీద పడుతుంది. అందుకే విమానాన్ని తేలికపాటి ఇటుకతో కట్టారు.

మరి ఇటుక ఎందుకు తేలుతుంది? నీటి సాంద్రత 1. మామూలు ఇటుకది సుమారు 1.8 ఉంటుంది కాబట్టి మునుగుతుంది. రామప్ప ఇటుకది 0.9 దగ్గర ఉంటుంది కాబట్టి తేలుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, ఘనపుటడుగు మామూలు ఇటుక యాభై కిలోలు తూగితే, ఇది పాతిక. విమానం బరువు సగానికి సగం తగ్గినట్టే.

అంత తేలిక ఎలా వస్తుంది? నాన్న ఒక్క ముక్కలో చెప్పాడు: "మట్టిల పొట్టు కలిపి కాలిస్తే, పొట్టు కాలిపోతది, సందులు మిగుల్తయి." ఇటుక నిండా సన్నటి గాలి గదులన్నమాట. ఈ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మా అపార్ట్‌మెంట్ గోడల్లోని తెల్లటి ఏఏసీ బ్లాకులు కూడా లోపలి గాలి వల్లే తేలిక. గొప్పతనం ఎక్కడుందంటే, ఎనిమిది వందల ఏళ్ళ కిందట, ల్యాబ్ లేకుండా, తేలికగానూ గట్టిగానూ ఉండే పాళ్ళు కుదిర్చి, విమానానికి సరిపడా ఇటుకలు ఒక్క తీరుగా కాల్చడంలో ఉంది.

2. కింద ఇసుక పోశారు

కాకతీయుల పద్ధతిలో ముందు లోతుగా గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దట్టించి, దాని మీద రాతి పీఠం లేపుతారు. నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. ఇసుక అలా మారదు. చుట్టూ కట్టడి ఉన్నంతకాలం బరువును సర్దుకుని పంచుతుంది, భూమి అదిరితే ఆ అదురును కొంత తనలో కలుపుకుంటుంది.

రంగమండపంలో నడిస్తే కాళ్ళకే తెలుస్తుంది, నేల చదునుగా లేదు. కొన్నిచోట్ల దిగింది, కొన్నిచోట్ల లేచింది. దూలాల్లో పగుళ్ళు కూడా కనిపిస్తాయి. నేను అవి చూసి బాధపడుతుంటే నాన్న చెప్పులు లేని పాదంతో ఆ రాళ్ళను తడిమి చూశాడు. "కింద దిగింది గని మీదిది పడలే. బిగబట్టి కడితే ఎప్పుడో ఇరుగుతుండె."

ఈ పని ఎంత కష్టమో మన కాలంలోనే చూశాం. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, ఇసుక పునాది మళ్ళీ వేసి, రాళ్ళు పేర్చడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టింది. 2024 మహాశివరాత్రికి గానీ అది తెరుచుకోలేదు.

3. పేరు ఎవరిది?

మన గుళ్ళను ఎక్కువగా దేవుడి పేరుతోనో, ఊరి పేరుతోనో పిలుస్తాం. ఇక్కడ మాత్రం రామప్ప అనేది శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. శాసనంలో నిలిచింది కట్టించిన రుద్రుడి పేరు. జనం నోట నిలిచింది కట్టినవాడి పేరు.

ఆ మాట విన్నాక నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన పనిచేసిన ఒక బిల్డింగు చూపిద్దామని తీసుకెళ్ళాను. ఐడీ కార్డు లేదని గేటు దగ్గరే ఆపేశారు. ఆయన రోడ్డు మీదే నిలబడి మూడో అంతస్తు చూపించి, "ఆ స్లాబు మాదే" అన్నాడు. అంతే, తిరిగొచ్చేశాం.

అప్పుడు అర్థమైంది నేను వీడియోలో చేసిన తప్పేంటో. మహిమ అంటే స్వామికి గౌరవం పెంచినట్టు అనుకున్నాను. నిజానికి మట్టి తొక్కినవాళ్ళని, ఇటుక కాల్చినవాళ్ళని, రాయి చెక్కినవాళ్ళని లెక్కలోంచి తీసేశాను. వాళ్ళు చేసిన పూజ ఆ పనే. రుద్రేశ్వరుడి సేవలో వాళ్ళు పెట్టిన తెలివిని "ఎవరికీ అంతుచిక్కదు" అంటే ఆ పూజను కాదన్నట్టే కదా.

మనం ఏం నేర్చుకోవాలి?

గుడి గురించి ఏదైనా ఫార్వర్డ్ వస్తే, షేర్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది ఎలా చేశారు? తెలుసుకుంటే భక్తి తగ్గదు. నాకైతే పెరిగింది. ఆ వీడియోలో నా మాటను సరిదిద్దుతున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక సూచన. దర్శనం అయ్యాక మదనికల ముందు ఫొటోలు దిగి వచ్చేయకండి. మండపంలో ఎగుడుదిగుడు నేల మీద మెల్లగా నడవండి. బయటికొచ్చి విమానాన్ని తలెత్తి చూడండి. తర్వాత రామప్ప చెరువు కట్ట ఎక్కండి. అదీ రేచర్ల రుద్రుడి కాలానిదే, ఇవాళ్టికీ పొలాలకు నీళ్ళిస్తోంది.

మేం కట్ట మీద పొద్దుగుంకేదాకా కూర్చున్నాం. లేచేటప్పుడు నాన్న గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. స్వామికా, రామప్పకా అని నేను అడగలేదు.

ఓం నమః శివాయ.