సోయాచిక్కుడులో గంధకం, బోరాన్ యాజమాన్యం

తెలంగాణలోని ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో సోయాచిక్కుడు ప్రధానంగా వర్షాధారపు వానాకాలపు పంట. దీని గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. ఇటువంటి గింజ ఏర్పడాలంటే నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు గంధకం, బోరాన్ కూడా చాలినంత అందాలి. ఈ రెండింటినీ ఒకే సిఫారసుగా చెప్పడం పరిపాటి. అయితే వీటి లోపానికి కారణాలు, మోతాదు మించినప్పుడు కలిగే ఫలితాలు వేర్వేరు కనుక నిర్ణయాలు కూడా విడివిడిగా ఉండాలి.

గంధకం

మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల్లో గంధకం అంతర్భాగం. వేరు బుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైముకూ ఇది అవసరం. అందువల్ల గంధకం లోపించిన పైరు నత్రజని లోపించినట్లే పసుపు రంగుకు మారుతుంది. నత్రజని లోపం ముదురు ఆకుల్లోనూ, గంధకం లోపం లేత ఆకుల్లోనూ మొదట కనిపిస్తుంది. ఇనుము లోపం కూడా లేత ఆకుల్లోనే కనిపించినా, అందులో ఈనెలు ఆకుపచ్చగా నిలుస్తాయి. ఈ తేడాలను గుర్తించక యూరియా వేస్తే గంధకం లోపం తీరదు. పైగా నత్రజని ఎక్కువై బుడిపెల పనితీరు తగ్గుతుంది.

పైరుకు గంధకం అందేదీ లేనిదీ చాలావరకు భాస్వరపు ఎరువు ఎంపికపై ఆధారపడి ఉంటుంది. హెక్టారుకు 60 కిలోల భాస్వరాన్ని 375 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ద్వారా అందిస్తే, దానితో పాటు సుమారు 41 కిలోల గంధకం నేలకు చేరుతుంది. అదే భాస్వరాన్ని 130 కిలోల డి.ఎ.పి. ద్వారా అందిస్తే గంధకం దాదాపు చేరదు. డి.ఎ.పి. వాడిన చోట 15 శాతం గంధకం గల జిప్సంను ఆఖరి దుక్కిలో 200 కిలోలు వేస్తే 30 కిలోల గంధకం లభిస్తుంది. మూలక గంధకాన్ని నేలలోని సూక్ష్మజీవులు సల్ఫేటుగా మార్చిన తరువాతే వేర్లు గ్రహించగలవు కాబట్టి దానిని విత్తడానికి ముందుగానే వేయాలి.

బోరాన్

పుప్పొడి మొలకెత్తడానికి, పుప్పొడి నాళం పెరుగుదలకు బోరాన్ అవసరం. లోపిస్తే పూత, పిందె రాలి కాయల సంఖ్య తగ్గుతుంది. సున్నం అధికంగా గల క్షార నేలల్లోనూ, బెట్ట పరిస్థితుల్లోనూ దీని లభ్యత తగ్గుతుంది. సోయాచిక్కుడులో బోరాన్ ముదురు ఆకుల నుండి లేత భాగాలకు తగినంతగా కదలదు కాబట్టి పిచికారీని పూత ప్రారంభ దశలో చేయాలి.

బోరాన్ లోపానికీ విషప్రభావానికీ మధ్య అంతరం స్వల్పం. వేడినీటిలో కరిగే బోరాన్ కిలో మట్టికి 0.5 మిల్లీగ్రాముల కన్నా తక్కువగా ఉన్నట్లు భూసార పరీక్షలో తేలినప్పుడే హెక్టారుకు 5–10 కిలోల బోరాక్స్ వేయాలి. దీని ద్వారా సుమారు 0.5–1 కిలో బోరాన్ అందుతుంది. దీనిని ఇసుకలో కలిపి సమంగా చల్లాలి, విత్తనానికి తగలనీయరాదు. పరీక్ష లేకుండా ఏటా వేయరాదు.

ప్రయోగ రూపకల్పనలో జాగ్రత్త

గంధకం మోతాదులను పోల్చే ప్రయోగంలో అన్ని మళ్ళకూ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే, గంధకం వేయని మడికి కూడా 41 కిలోల గంధకం ముందే అందుతుంది. అప్పుడు ‘గంధకానికి స్పందన లేదు’ అనే ఫలితం రావచ్చు. ఆ ఫలితాన్ని డి.ఎ.పి. వాడే రైతుకు సిఫారసు చేస్తే నష్టపోయేది రైతే. కనుక ఇటువంటి ప్రయోగాల్లో గంధకం లేని భాస్వరపు ఎరువును వాడి, నత్రజనిని అన్ని మళ్ళకూ సమం చేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు కూడా సిఫారసుకు ముందు రైతు వాడుతున్న భాస్వరపు ఎరువును, భూసార పరీక్ష ఫలితాన్ని తెలుసుకోవాలి.