రైతుకు చేరే మాట: విస్తరణ శాస్త్రవేత్తకు అవసరమైన భావప్రసార నైపుణ్యాలు

ఉపోద్ఘాతం

పరిశోధన ఫలితం రైతు పొలానికి చేరే దారిలో చివరి మజిలీ మాట. ఎంత నిశితమైన ప్రయోగాల నుంచి వచ్చిన సిఫారసైనా, చెప్పే తీరు సరిగా లేకపోతే పరిశోధనా క్షేత్రం గట్టు దాటదు. భావప్రసారాన్ని ప్రేషకుడు, సందేశం, మాధ్యమం, గ్రహీత అనే నాలుగు అంగాలుగా విశ్లేషించిన డేవిడ్ బెర్లో నమూనా (1960) విస్తరణ విద్యార్థులందరికీ సుపరిచితమే. అయితే క్షేత్రస్థాయిలో శ్రద్ధ అంతా మొదటి మూడింటిపైనే నిలిచి, గ్రహీత వెనుకబడటం తరచుగా కనిపిస్తుంది. గ్రహీత నుంచి మొదలుపెట్టి సందేశాన్ని ఎలా రూపొందించుకోవాలో వరి సాగులోని ఉదాహరణలతో ఇక్కడ పరిశీలించవచ్చు.

గ్రహీత కొలతలలో సందేశం

ఒక శిక్షణ సమావేశంలో వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ వేయాలని చెప్పారనుకుందాం. శాస్త్రీయంగా ఇందులో లోపం లేదు. కానీ రైతు దుకాణంలో కొనేది బస్తాలను. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరంతోపాటు 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది. మిగిలిన 39 కిలోల నత్రజనికి సుమారు 85 కిలోల యూరియా సరిపోతుంది. 2018 నుంచి యూరియా బస్తా బరువు 45 కిలోలు కనుక ఇది రెండు బస్తాలకు 5 కిలోలు తక్కువ. పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సుమారు 27 కిలోలు, అంటే సగం బస్తాకు కాస్త ఎక్కువ కావాలి.

ఈ లెక్క శాస్త్రవేత్తకు రెండు నిమిషాల పని. దానిని రైతుకే వదిలివేస్తే డి.ఎ.పి.లోని నత్రజని లెక్కలోకి రాకపోవచ్చు. అప్పుడు 48 కిలోలకూ యూరియానే వాడితే దాదాపు 104 కిలోలు వేయవలసి వస్తుంది. ఎకరాకు 9 కిలోల నత్రజని అదనంగా పడుతుంది. మోతాదు మించిన నత్రజని సుడిదోమకు, అగ్గితెగులుకు అనుకూలమని అదే సమావేశంలో మరో శాస్త్రవేత్త హెచ్చరిస్తాడు. సగం చెప్పిన సిఫారసు ఆ విధంగా తెగులుకు దారి తీస్తుంది. ఖర్చు మాత్రం రైతుది.

పిచికారీ మందుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్ల ద్రావణం చల్లాలన్న సిఫారసులో రెండు సంఖ్యలూ ముఖ్యమే. రైతు చేతిలోని పంపు 16 లీటర్లదైతే ట్యాంకుకు 32 మి.లీ. మందు, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు కావాలి. మొదటి సంఖ్య మాత్రమే గుర్తుంచుకుని ఆరు ట్యాంకులతో ముగించిన రైతుకు సగం మందు కూడా పొలంలో పడదు. ఆ తర్వాత అతడు మందు పనిచేయలేదని అంటే, ఆ మాటను నిర్లక్ష్యంగా కొట్టివేయడం తగదు. అతనికి చేరిన సందేశం ఎంతవరకో అది తెలియజేస్తోంది.

పని చేసే చేతికి సందేశం

వరి నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. వెడల్పున కాలిబాటలు వదలాలన్నది చాలా కాలంగా చెబుతున్న సిఫారసు. గాలి, వెలుతురు ధారాళంగా అందుతాయి, సుడిదోమ ఉధృతి తగ్గుతుంది, పైపాటుకు దారి ఉంటుంది. ఇన్ని ప్రయోజనాలు విని తల ఊపిన రైతు పొలంలోనూ బాటలు కనిపించకపోవచ్చు. రైతు మొండితనమే కారణమని భావించే ముందు, ఆ పని ఎవరు చేస్తున్నారో చూడాలి. నాట్లు వేసేది కూలీలు, ఎక్కువగా మహిళలు. ఎకరాకు ఇంత అని గుత్తకు పట్టిన ముఠాకు తాడు పట్టి బాట వదలడం అదనపు శ్రమ, అదనపు సమయం. సమావేశంలో కూర్చున్న రైతుకు కారణం తెలుసు, పని చేసే కూలీకి తెలియదు.

కాబట్టి ఈ సందేశం నాట్లకు ముందే ముఠా మేస్త్రికి కూడా చేరాలి. తాడు పట్టే విధానాన్ని ఒక మడిలో చేసి చూపాలి. అదనపు సమయానికి కూలి ఎలా సర్దుబాటు చేయాలో రైతు, మేస్త్రి కలిసి మాట్లాడుకునేలా చూడాలి. మహిళలు పొలంలో ఉండే వేళ పంచాయతీ కార్యాలయంలో సమావేశం పెట్టి, వారు హాజరు కాలేదని నివేదికలో రాయడం సరైన పద్ధతి కాదు.

రైతు భాష

సుడిదోమ ఆశించి పైరు గుండ్రంగా చచ్చిపోవడాన్ని రైతులు దోమపోటు అంటారు. అగ్గితెగులు కంకి మెడకు సోకినప్పుడు మెడవిరుపు అంటారు. ఇటువంటి పేర్లు లక్షణాన్ని చూసి పెట్టినవి, అందుచేత వాటిలో పరిశీలన ఇమిడి ఉంటుంది. గ్రామానికి వెళ్ళిన మొదటి రోజే ఆ ప్రాంతపు పేర్లను నోట్ పుస్తకంలో రాసుకోవడం గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలోని విద్యార్థికి మంచి ఆరంభం. ఒకే పేరు ఒక్కో జిల్లాలో వేరు వేరు సమస్యలను సూచించవచ్చు కనుక, పేరు విన్నాక మొక్కను కూడా చూసి నిర్ధారించుకోవాలి.

ప్రశ్నకు ప్రశ్న

బోధనలో వినడానికి ఉన్న విలువను ఇండోనేషియా అనుభవం స్పష్టం చేసింది. అక్కడ విచక్షణారహితంగా పురుగుమందులు వాడటం వల్ల మిత్ర కీటకాలు నశించి సుడిదోమ విజృంభించింది. 1986లో ఆ దేశ ప్రభుత్వం వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు ఆరంభమయ్యాయి. తెలుగునాట పొలంబడిగా పేరొందినది ఈ విధానమే.

పొలంబడిలో రైతు ఒక పురుగును తెచ్చి ఇదేమిటని అడిగితే, శిక్షకుడు వెంటనే పేరు చెప్పడు. “ఎక్కడ దొరికింది? ఆకును తింటోందా, మరో పురుగును తింటోందా? ఇవి ఎన్ని ఉన్నాయి?” అని అడుగుతాడు. పేరు చెబితే తదుపరి ప్రశ్న ఏ మందు కొట్టాలన్నదే అవుతుంది. పరిశీలింపజేస్తే, సాలీడు దోమను పట్టడం రైతు స్వయంగా చూస్తాడు. అలా కళ్ళారా చూసిన సంగతిని అతడు పొరుగు రైతుకు కూడా చెప్పగలడు. తరగతి గదిలోని ఉపాధ్యాయునికి కూడా ఈ ఓర్పు అవసరం. ప్రశ్న వేసిన మరుక్షణమే తానే జవాబు చెప్పే ఉపాధ్యాయుని తరగతిలో విద్యార్థులు ఆలోచించడం మానేస్తారు.

తిరిగి చెప్పించడం

“అర్థమైందా?” అన్న ప్రశ్నకు గ్రామంలో లభించే సమాధానం “అర్థమైంది సార్” మాత్రమే. అందులో మర్యాద ఉంది, సమాచారం లేదు. దానికి బదులు “సరిగా చెప్పానో లేదో నాకు తెలియాలి, ఇంటికి వెళ్ళి మీ తమ్ముడికి ఎలా చెబుతారో ఒకసారి చెప్పండి” అని అడగవచ్చు. ట్యాంకుకు మందు కొలిచి చూపమనవచ్చు. ఈ విధంగా అడిగితే లోపం చెప్పినవారిదవుతుంది, విన్నవారికి చిన్నతనం ఉండదు. తప్పు బయటపడితే అక్కడికక్కడే దిద్దవచ్చు.

నాయకత్వంలో సంభాషణ

విస్తరణ విభాగానికి నాయకత్వం వహించేవారు పై నుంచి సూచనలు పంపడంతోపాటు కింది నుంచి వచ్చే మాటకు దారి తెరవాలి. సమీక్షలో ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు అని మాత్రమే అడిగితే సిబ్బంది సంఖ్యలే తెస్తారు. “ఏ సిఫారసును రైతులు ఆచరించలేకపోయారు? వారు చెప్పిన కారణమేమిటి?” అని అడిగి, ఆ జవాబు తెచ్చిన సహాయకుని మందలించకుండా వింటే, తదుపరి ప్రయోగానికి అంశం దొరుకుతుంది. సమాధానం తెలియనప్పుడు “కనుక్కొని శుక్రవారం చెబుతాను” అని ఒప్పుకుని, శుక్రవారం తప్పక చెప్పే నాయకుని మాటకు విలువ పెరుగుతుంది. ఊహించి చెప్పిన ఒక్క తప్పు సలహా అనేక సంవత్సరాల నమ్మకాన్ని పోగొట్టగలదు.

ముగింపు

భావప్రసార నైపుణ్యం సాధనతో అలవడుతుంది. ప్రతి సందేశానికి ముందు ఎవరు చేస్తారు, ఏ కొలతతో చేస్తారు, దానిని ఏ పేరుతో పిలుస్తారు అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సమావేశం ముగిసే ముందు కనీసం ఇద్దరిచేత తిరిగి చెప్పించాలి. పదిహేను రోజుల తర్వాత పొలానికి వెళ్ళి చూడాలి. చెప్పిన మాట ఎంతవరకు చేరిందో ఆ పొలమే తెలియజేస్తుంది.