మాఘమాసపు చలిలో పెరటి మొక్కలు: ఆచ్ఛాదన కప్పాలా, తీయాలా?



సంక్రాంతి వెళ్ళింది కదా, ఇక చలి తగ్గినట్టే అనుకుంటాం. మాఘమాసంలో ఒక్కసారిగా నాలుగైదు రాత్రులు గట్టిగా చలి పడుతుంది. అప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "చలికి మొక్కల మొదట్లో గడ్డి ఇంకా మందంగా కప్పమంటారా?" నా జవాబు ఇది. పెద్ద చెట్లకు కప్పండి. చిన్న మొక్కలకు మాత్రం ఆ నాలుగు రోజులు గడ్డిని పక్కకు జరపండి. చేసే పద్ధతి వీడియోలో చూపించాను, ఎందుకు అలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర చలి ఎలాంటిది?

చింతపల్లి దగ్గర లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొన్నేళ్ళు అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయి, గడ్డి మీద మంచు తెల్లగా గడ్డ కడుతుంది. ఎత్తుకు తోడు, కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి నిలిచిపోవడం దానికి కారణం.

మన డెల్టా నేల సముద్రానికి కాస్త ఎత్తులో ఉంటుంది. చుట్టూ కాలువలు, చెరువులు, తడి నేల. గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ ఆకు మీద మంచుబొట్టుగా మారేటప్పుడు కొంత వేడి విడుదలై చలిని ఆపుతుంది. అందుకే కడియం నర్సరీల్లో గానీ, కోనసీమ పెరళ్ళలో గానీ గడ్డకట్టే మంచు చూడం.

అలాగని నష్టం లేదనుకోకండి. మనవి వేడి దేశపు మొక్కలు. వాతావరణ శాఖ కూడా తీర ప్రాంతానికి వేరే లెక్క పెట్టింది: కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువై, మామూలు కంటే 4.5 డిగ్రీలో ఇంకా ఎక్కువో పడిపోతే దాన్ని చలిగాలులుగా లెక్కిస్తారు. మైదాన ప్రాంతాలకైతే ఆ హద్దు 10 డిగ్రీలు.

మొక్క చెప్పే గుర్తులు

- కరివేపాకు చిగురు వేయడం ఆపేస్తుంది. చచ్చిపోలేదు, నిద్రపోయింది. నీళ్ళు తగ్గించండి.
- టమాట ఆకు అడుగున ఊదా రంగు వస్తుంది. నేల చల్లబడితే వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. తెగులనుకుని మందు కొట్టకండి.
- రాత్రి 13 డిగ్రీల కిందకు వెళ్తే టమాట పూత నిలబడటం కష్టం.
- బెండ గింజలు చల్లటి నేలలో మొలవవు, కుళ్ళిపోతాయి. నేల వేడెక్కేదాకా విత్తకండి.
- అరటిలో కొత్త ఆకు ఆలస్యమవుతుంది, గెల బయటికి రావడం కష్టమవుతుంది.

నేలే మన పొయ్యి

పగలంతా ఎండ వేడిని నేల దాచుకుంటుంది. మబ్బు, గాలి లేని రాత్రి ఆ వేడి ఆకాశంలోకి పోతుంది. ఆకు కూడా తన వేడిని అలాగే వదులుతూ చుట్టూ ఉన్న గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. అప్పుడు ఆకును కాచేది కింద నేల నుంచి పైకి వచ్చే వేడే.

ఎండుగడ్డి మందంగా కప్పితే పగలు ఎండ నేలకు తగలదు, రాత్రి నేల వేడి పైకి రాదు. వేరు వెచ్చగానే ఉంటుంది, పైన లేత ఆకు మాత్రం చలికి దొరికిపోతుంది. మామిడి, కొబ్బరి లాంటి వాటికి ఆకులు ఎత్తులో ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. జానెడు ఎత్తు వంగ, మిరప, టమాట నారుకు, ఆనప పాదుకు తేడా పడుతుంది. ఆచ్ఛాదన మన ప్రకృతి వ్యవసాయానికి ప్రాణం, దాన్ని వదలమనడం లేదు. నాలుగు రోజులు పక్కన పెట్టి, చలి తగ్గగానే మళ్ళీ కప్పమంటున్నాను. నీడన ఉండే నేల చలికాలంలోనూ వానపాములకు కావాలి.

ఏం చేయాలి?

1. ఉదయం పది గంటలకు గడ్డిని బోదె పక్కకు లాగి, నేలకు ఎండ తగలనివ్వండి.
2. అప్పుడే ఒక తడి ఇవ్వండి. తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది. నీళ్ళు నిలవకూడదు. బోరు నీరు తెల్లవారుజామున కాలువ నీటికంటే వెచ్చగా ఉంటుంది, ఉంటే అది వాడండి. సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లకండి.
3. పొద్దు వాలకముందే కర్రలు పాతి, పాత చీరో, గోనె పట్టాలో, కొబ్బరి మట్టలో కప్పండి. కప్పు ఆకుకు తగలకూడదు, అంచులు నేలకు ఆనాలి. అప్పుడే నేల వేడి లోపల నిలుస్తుంది.
4. పొద్దెక్కగానే తీసేయండి. తీయకపోతే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది.
5. ఉత్తరం, ఈశాన్యం వైపు తడిక కట్టండి. శాశ్వతంగా కావాలంటే ఆ వైపు గ్లైరిసిడియా కంచె వేసుకోండి, పచ్చిరొట్టకూ పనికొస్తుంది.
6. కుండీలను గోడ పక్కకు చేర్చండి. పగలు వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిని వదులుతుంది.

గడ్డి తగలబెట్టి పొగ పెట్టడం కొందరికి అలవాటు. పొగ నేల వేడిని పెద్దగా ఆపలేదు. జీవామృతం పోసి పెంచుకున్న సూక్ష్మజీవులకు ఆహారమయ్యే గడ్డి మాత్రం బూడిదవుతుంది.

జీవామృతం, మజ్జిగ

చలికి జీవామృతం పులవడం నెమ్మదిస్తుంది. మామూలుగా చెప్పే 48 గంటలు చాలకపోవచ్చు. డ్రమ్ముకు గోనె సంచి చుట్టి, పులిసిన వాసన వచ్చేదాకా ఇంకో రోజు ఆగండి. పాదులకు బూజు, బూడిద తెగులు మొదలైతే నేను 10 లీటర్ల నీటికి అర లీటరు పుల్లటి మజ్జిగ కలిపి కొడతాను. ఆకు మీద మంచు పూర్తిగా ఆరాకే కొట్టాలి.

చలి తగ్గాక

మాడిన ఆకులు చూడగానే కత్తెర పట్టకండి. అవి లోపలి చిగురుకు కప్పులా ఉంటాయి, పైగా ఇప్పుడు కత్తిరిస్తే లేత చిగురు వచ్చి మరో చలికి బలవుతుంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా. అప్పటికి ఏ కొమ్మ బతికిందో చిగుళ్ళే చెప్తాయి. అక్కడిదాకా కత్తిరించి, ఘనజీవామృతం వేసి, గడ్డి మళ్ళీ కప్పండి.

ఈసారి చలి పడినప్పుడు ఒక పని చేసి చూడండి. ఒక వరుసకు గడ్డి ఉంచి, పక్క వరుసకు జరిపి, తెల్లవారుజామున రెండు చోట్లా మొక్క ఎత్తులో థర్మామీటర్ పెట్టండి. మీ నేలలో ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది. ఆ అంకెలు నాకూ చెప్పండి, ఇసుక లంక నేలకు, నల్లరేగడికి తేడా ఎంతో అందరం కలిసి చూద్దాం.