మనిషిని తూచే త్రాసు

పదవ తరగతి తెలుగు పరీక్షలో ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించమంటారు. విద్యార్థి ఆ పాత్ర మాటలను, చేతలను చూసి జవాబు వ్రాస్తాడు. న్యాయస్థానంలో సాక్షి నమ్మదగినవాడా కాదా అని న్యాయవాది నిలదీస్తాడు. 1872 నాటి సాక్ష్య చట్టం ఇందుకు వీలు కల్పించింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ వీలును ఉంచింది. చరిత్రకారుడు పాత వృత్తాంతాన్ని ముందుంచుకుని, వ్రాసినవాడు కళ్ళారా చూశాడా, ఎవరి కొలువులో ఉన్నాడు అని ఆరా తీస్తాడు. విద్యలు వేరైనా పని ఒక్కటే: శీల పరిశీలన.

ఇస్లామీయ విద్యల్లో ఈ పనికి ఒక శాస్త్రమే ఉంది. అదే 'జర్హ్ వ తఅదీల్'. జర్హ్ అంటే ఉల్లేఖకునిలోని లోపాన్ని తెలపటం. తఅదీల్ అంటే అతను విశ్వసనీయుడని ధృవీకరించటం. అవిధేయుడెవరైనా వార్త తెస్తే విచారించి నిజం తెలుసుకోవాలని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్‌లో ఆదేశించింది. ఈ శాస్త్రానికి పునాది అదే.

హదీసువేత్తలు ఉల్లేఖకునిలో ముఖ్యంగా రెండు గుణాలు చూశారు. ఒకటి అదాలత్, అంటే ధర్మనిష్ఠ, సత్యసంధత. రెండోది జబ్త్, అంటే విన్నదాన్ని విన్నట్టు భద్రపరచటం. ఎంత పుణ్యాత్ముడైనా జ్ఞాపకశక్తి లోపిస్తే ఆయన ఉల్లేఖనాన్ని బలహీనమనే అన్నారు. ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) ఉల్లేఖకులను 12 శ్రేణులుగా విభజించారు.

ఈ త్రాసుకు బంధుప్రీతి లేదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) గురువు అలీ బిన్ మదీనీ (రహ్మలై)ని ఆయన తండ్రి గురించి అడిగారు. వేరెవరినైనా అడగమన్నారాయన. మళ్ళీ అడిగితే తల వంచుకుని, ఇది ధర్మానికి సంబంధించిన విషయమంటూ, తన తండ్రి ఉల్లేఖనంలో బలహీనుడని చెప్పారు.

మరి ఇది పరోక్షనింద కాదా? అదే సూరా 12వ ఆయత్ అనుమానాలను, గూఢచర్యాన్ని, గీబత్‌ను వారించింది కదా! పండితుల సమాధానం ఇది: నిజమైన అవసరం ఉండాలి, తెలిసిందే చెప్పాలి, అవసరమైనంతే చెప్పాలి. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్ళి సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు, మహాప్రవక్త (స) ఒకరి పేదరికాన్ని, మరొకరి కాఠిన్యాన్ని సూటిగా తెలిపారు. అంతకుమించి ఒక్క మాట పెంచలేదు.

ఇక మన ఇళ్ళకు వద్దాం. పెళ్ళి సంబంధం గురించి ఎవరైనా మనల్ని అడిగితే, మొహమాటం కొద్దీ "అబ్బాయి మంచివాడే" అనేస్తాం. అతను చెయ్యి చేసుకుంటాడని తెలిసీ దాస్తే ఆ ఆడపిల్ల జీవితానికి జవాబుదారీ ఎవరు? మరోవైపు, ఎవరూ అడగకుండానే ఇరుగుపొరుగు లోపాలను తవ్వుతాం. ఫోనులో వచ్చిన మాటను, పంపినవారు మంచివారన్న ఒక్క కారణంతో పదిమందికి పంపుతాం. ఆయన మంచివారే కావచ్చు, కాని ఆయనకు అది ఎవరు చెప్పారో అడిగామా?

చెప్పవలసిన చోట నోరు విప్పటం, అవసరం లేని చోట నోరు మూసుకోవటం రెండూ అమానతే. ఈ త్రాసును ముందుగా మన మీద ప్రయోగించుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.